రన్నింగ్ టైము మావయ్య

పెళ్ళి భోజనాల్లో ఎవరో పెద్దమనిషి "మావాడు రేపు డాలస్ నుంచి దిగుతున్నాడండీ" అని పక్కాయనతో అన్నాడు. అనేసి గుత్తొంకాయ పనిలో పడ్డాడు. ఎదుటి వరసలో కూర్చున్న ఒకాయన చేతిలో మాత్రం ముద్ద ఆగిపోయింది.

"ఏ రూటు?"

"రూటేంటండీ, విమానం కదా."

"విమానమైతే మాత్రం? దుబాయ్ మీంచా, దోహా మీంచా, లండన్ మీంచా?"

"ఏమోనండీ, మధ్యలో ఎక్కడో మారాలన్నాడు."

"ఎక్కడో మారడమేంటండీ, పిల్లాడు అంత దూరం నుంచి వస్తుంటే! దుబాయ్ మీంచి 15,400 చిల్లర కిలోమీటర్లు. లండన్ మీంచి అయినా ఇంచుమించు అంతే. కానీ ఆగే టైము ఎంతో చూసుకోవాలిగా?"

ఆ పెద్దమనిషి మళ్ళీ పెరుగన్నం దాకా తల ఎత్తలేదు. ఎత్తితే ఇంకో ప్రశ్న పడుతుందని భయం. కొడుకు వస్తున్నాడన్న సంతోషంలో సగం అక్కడే విస్తట్లో మిగిలిపోయింది.

ముద్ద ఆపినాయన బెజవాడ బస్టాండులో ముప్ఫై ఏళ్ళు కంట్రోలరుగా చేసి రిటైరైన మావయ్య. ఏ బస్సు ఎన్నింటికి ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలి, ఎన్నింటికి కదలాలి, కదిలినది ఎన్ని గంటల్లో ఎక్కడికి చేరాలి అన్నదే ఆయన జీవితం. దాన్ని ఆర్టీసీ భాషలో రన్నింగ్ టైము అంటారు. కూతురు పెళ్ళయి అల్లుడితో డాలస్ వెళ్ళిన రోజున ఆయన ఏడవలేదు. షంషాబాద్‌లో విమానం కదిలాక చేతి వాచీ చూసి, "పదకొండు నిమిషాలు లేటు" అన్నాడు. అప్పట్నుంచి ఆయనకు ప్రపంచమంతా ఒక పెద్ద బస్టాండే.

ఇలాంటి మనిషి ఇప్పుడు తెలుగునేల మీద వీధికొకరు తేలతారు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. లేదంటే కరీంనగర్, నిజామాబాద్ వైపు ఇళ్ళలోలాగా కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ఆ ఊరు ఎలా ఉంటుందో అంతగా పట్టదు గానీ, అక్కడికి ఎన్ని గంటలో మాత్రం నోటి చివర ఉంటుంది. మావయ్య ఆ జాతికి పెద్ద దిక్కు. మిగతావాళ్ళు గంటలతో సరిపెట్టుకుంటారు, ఆయనకు నిమిషాలు కావాలి.

ఆయన దగ్గర ఒక డైరీ ఉంది. ఏ ఏడాదిదో, బీమా ఏజెంటు ఇచ్చిన డైరీ. అందులో రూళ్ళకర్రతో గీసిన గళ్ళు: తేదీ, సర్వీసు నంబరు, ఎక్కడ్నుంచి, ఎక్కడికి, దూరం, చార్టు టైము, నడిచిన టైము, చివర్న రిమార్కులు. బంధువుల్లో, స్నేహితుల్లో, ఎదురింటి వాళ్ళలో ఎవరు విమానం ఎక్కినా అందులో ఒక వరస పడుతుంది. రిమార్కుల గడిలో ఎర్రసిరా. "దుబాయ్‌లో 40 ని. లేటు, కారణం చెప్పలేదు." "అబ్బాయి ఫోన్ ఎత్తలేదు, నిద్రట." ఒక చోట ఒక్క మాటే ఉంది: "బిఫోర్ టైము!" దాని కింద రెండు గీతలు.

బిఫోర్ టైము ఆయన దృష్టిలో లేటు కన్నా పెద్ద తప్పు. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద తుపాను గాలులు వెనకనుంచి తోసేస్తే బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. మామూలుగా ఏడు గంటలకు అటూ ఇటూ పట్టే దారి అది. లోకమంతా ఔరా అంది. మావయ్య మాత్రం, "అంత ముందొస్తే ప్లాట్‌ఫారం ఎవడిస్తాడయ్యా?" అన్నాడు. నవ్వుకున్నారు గానీ, ముందొచ్చిన విమానాలు గేటు ఖాళీ లేక నేలమీద కాచుక్కూర్చోవడం నిజంగానే ఉంది.

ఆయన లెక్కల్లో తిరకాసు లేదు, ఆయన చెప్పే పద్ధతిలోనే ఉంది. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 2,550 కిలోమీటర్లు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే మూడు గంటల్లోపే దిగాలి. టిక్కెట్టు మీద మాత్రం నాలుగు గంటలు ఉంటుంది. ఎందుకని ఎవరైనా అడిగితే అయిపోయారే. చక్రాల దగ్గర పెట్టిన దిమ్మలు తీసిన క్షణం నుంచి, అవతలి ఊళ్ళో మళ్ళీ దిమ్మలు పెట్టే క్షణం దాకా లెక్కట. మధ్యలో రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, పైకెక్కడం, కిందికి దిగేముందు చుట్టూ తిరగడం, అన్నీ అందులో కలిపి ఇంకాస్త అటూఇటూ కూడా వేసి చార్టు కడతారట. "మన ఏలూరు బస్సుకి హనుమాన్ జంక్షన్‌లో ఆగే టైము కలిపినట్టే" అంటాడు. ఎమిరేట్స్‌నీ ఎక్స్‌ప్రెస్ సర్వీసునీ ఒకే గాటన కట్టగల మనిషి ఆయనొక్కడే.

ఆ లెక్కకు అసలు దెబ్బ బెజవాడలో తగులుతుంది. బెజవాడ నుంచి హైదరాబాద్‌కి 275 కిలోమీటర్లు, బస్సులో అయిదారు గంటలు. అంటే దేశం దాటి దుబాయ్ పోవడానికి పట్టేదానికన్నా షంషాబాద్ చేరడానికే ఎక్కువ. ఈ సంగతి చెప్పేటప్పుడు మావయ్య గొంతులో సిగ్గు ఉండదు, కాస్త గర్వం కూడా ఉంటుంది. తన డిపార్ట్‌మెంటు ఆ దూరాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టలేదన్నట్టు.

అత్తయ్యకూ ఆయనకూ ఈ విషయంలో తీరని తగువు ఒకటి ఉంది. ఆవిడ వాదన సూటిగా ఉంటుంది. "తెల్లవారుజామున 4.20కి ఎక్కామండీ. సాయంత్రం అయిదింటికి దిగాం. అదే రోజు. పన్నెండున్నర గంటల పైన ఒక పది నిమిషాలు. మరి మీరు ఊరందరికీ 23 గంటలు 23 గంటలు అని చెప్తారేంటి?"

ఆయన మొదట ఓపిగ్గానే చెప్పాడు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 4 గంటలు, అక్కడ కూర్చున్నది 3 గంటల 10 నిమిషాలు, దుబాయ్ నుంచి డాలస్ 16 గంటలు, వెరసి 23 గంటల 10 నిమిషాలు. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, వేసవిలో డాలస్ పదిన్నర గంటలు వెనక, ఆ పదిన్నరే గడియారం మింగేసింది. అత్తయ్య అంతా విని, "అయితే ఆ పదిన్నర గంటలు మనకి తిరిగిచ్చినట్టేగా, మీరెందుకు ఇంత ఇదవుతారు?" అంది. వచ్చేటప్పుడు అవి మళ్ళీ లాక్కుంటారని చెప్పేసరికి, ఎవరో తన కొంగుముడి విప్పినట్టు చూసింది.

వంటింట్లో రెండు గడియారాలు ఉంటాయి. ఒకదాని కింద డాలస్ అని కాగితం అతికించి ఉంటుంది. అమెరికావాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. ఏడాదికి ఆ రెండు రోజులూ ఆయన స్టూలెక్కుతాడు. ఆ స్టూలు మీదే ఒకసారి భారతదేశపు టైము సంగతి చెప్పుకొచ్చాడు. దేశమంతటికీ టైము లెక్కగట్టే 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. అత్తయ్యది కాకినాడ. "దేశమంతా మీ పుట్టింటి టైము చూసుకునే లేస్తుందే" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అత్తవారి గురించి అన్న మంచిమాట అదొక్కటే. ఆవిడ ఇప్పటికీ తలుచుకుంటుంది.

బత్తాయి ప్రహసనం మాత్రం కళ్ళారా చూడాల్సిందే. ఎదురింటి కుర్రాడు ఫోన్‌లో విమానం దారి చూసి, "తాతగారూ, అమెరికా పడమటివైపు ఉంటే విమానం పైకి ఉత్తరానికి పోతోందేంటి, పైలట్ తప్పిపోయాడా?" అన్నాడు. మావయ్య లోపలికెళ్ళి ఒక బత్తాయి, కుట్టుమిషను దారం, బాల్‌పెన్ను తెచ్చాడు. కాయను తొడిమ పైకొచ్చేలా పట్టుకుని, నడుముకి కాస్త పైన ఒక చుక్క పెట్టి హైదరాబాద్ అన్నాడు. కాయను వెనక్కి తిప్పి ఇంకాస్త పైన ఇంకో చుక్క పెట్టి డాలస్ అన్నాడు. "ఇప్పుడీ రెంటికీ దారం బిగించు" అని కుర్రాడికిచ్చాడు. వాడు ముందు నడుం చుట్టూ అడ్డంగా చుట్టాడు, దారం బోలెడంత పట్టింది. తరవాత వేలితో పైకి జరుపుతూ పోతే దారం వదులవుతూ వదులవుతూ తొడిమ పక్కకొచ్చి ఆగింది. "అదిగో, ఆ తొడిమే ఉత్తర ధ్రువం. ఇంకెటు పోయినా చుట్టే."

నిజమే. ఈ రెండు ఊళ్ళూ రేఖాంశాల్లో దాదాపు ఎదురుబొదురుగా, 175 డిగ్రీల తేడాలో ఉన్నాయి. గోళం మీద దగ్గరి దారి 14,400 కిలోమీటర్లు, అది ధ్రువాన్ని ఒరుసుకుంటూ పోతుంది. గోడమీద మ్యాపును చదును చేసి అచ్చేయడం వల్ల మనకు దారి వంకరగా కనిపిస్తుందంతే. దుబాయ్ మీంచి పోతే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ. కుర్రాడు ఇదంతా నోరు తెరుచుకుని విన్నాడు. విన్నాక రూటుతో సహా బత్తాయి ఒలుచుకు తినేశాడు. మావయ్య ఏమీ అనలేకపోయాడు గానీ, ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు.

ఆయనకు దేవుళ్ళతో సమానమైన సర్వీసులు కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముందు సింగపూర్ నుంచి న్యూయార్క్, దాదాపు 15,350 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండా పద్దెనిమిదిన్నర గంటల పైన. ప్రపంచంలో అంతకన్నా పొడుగు సర్వీసు లేదు. "డ్రైవర్లని మార్చుకుంటూ పోతారుట" అని పైలట్లను తన బిరాదరీలో కలిపేసుకుంటాడు. అడుగున, స్కాట్లాండ్ పైన ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు, చార్టు టైము రెండు నిమిషాలు. దాన్ని ఆయన ఒక స్టేజీ సర్వీసు అంటాడు. కండక్టరు టిక్కెట్టు కొట్టేలోపు దిగిపోవచ్చట.

2016లో ఎయిరిండియా చేసిన పని మీద ఆయనకు ప్రత్యేకమైన భక్తి. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి అంతవరకూ అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు పోయేవాళ్ళు. ఆ ఏడాది అక్టోబరు నుంచి తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. అటు 15,300 కిలోమీటర్లు. దూరం 1,400 పెరిగింది, టైము మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి వీపు తట్టి తోస్తుంది మరి. "ఊళ్ళోంచి పోతే దగ్గర, బైపాస్ మీంచి పోతే త్వరగా" అని ఆయన ముప్ఫై ఏళ్ళు డ్రైవర్లతో వాదించిన సంగతి ఇదే. ఆకాశంలో ఎవరో తన మాట విన్నారన్న తృప్తి.

2021 జనవరి ఇంట్లో పండగ నెల. బెంగళూరు, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య నేరుగా విమానం వేశారు. మొదటిది శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగా వచ్చింది, నడిపినవాళ్ళంతా ఆడవాళ్ళే, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో. నలుగురు పైలట్లలో పాపగారి తన్మయి అన్న పేరు చూసి మావయ్య లేచి నిలబడ్డాడు. "ఇంటిపేరు చూస్తే మనమ్మాయిలాగే ఉందే!" ఆ వారంలోనే హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా నేరుగా సర్వీసు మొదలైంది, దాదాపు 13,300 కిలోమీటర్లు. మావయ్యకు షికాగోలో ఎవరూ లేరు. అయినా వీధంతా మిఠాయి పంచాడు. ఆ సర్వీసు ఎంతోకాలం నడవలేదు. అది తీసేశారన్న వార్త వచ్చిన పూట ఆయన అన్నం సరిగా తినలేదని అత్తయ్య చెబుతుంది. ఉప్మా మాత్రం తిన్నాడట.

ప్రపంచంలో యుద్ధం వస్తే అందరూ పెట్రోలు ధర చూస్తారు, ఆయన మ్యాపు తీస్తాడు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసినప్పుడు, ఢిల్లీ నుంచి పడమటికి పోయేవన్నీ అరేబియా సముద్రం మీదికి దిగి చుట్టూ పోవాలని ఆయన బల్లమీద సుద్దతో గీసి చూపించాడు. అదే ఊపులో ఇంకో లెక్క చెప్పాడు. అమృత్‌సర్ విమానాశ్రయానికీ లాహోర్ విమానాశ్రయానికీ మధ్య దూరం 45 కిలోమీటర్లలోపు, బెజవాడ నుంచి తెనాలి పోయొచ్చినంత కూడా ఉండదు. విమానం లేదు. ఆకాశంలోనే పోతానని ఎవడైనా పట్టుబడితే దుబాయ్ పోయి తిరిగి రావాలి, 4,000 కిలోమీటర్లు. "ఇదేం రూటయ్యా!" అన్నాడు. ఆ ఒక్కసారి ఆయన అడిగింది టైము గురించి కాదు.

ఇక పాత బాకీ. ఈ వ్యాసం రాస్తున్న మేనల్లుడు మొదటిసారి దేశం దాటి వెళ్ళినప్పుడు సాగనంపే బాధ్యత మావయ్య తీసుకున్నాడు. విమానం తెల్లవారుజామున 4.20కి. మూడు గంటల ముందు చేరాలి, సరే. అక్కణ్ణుంచి ఆయన వెనక్కి లెక్క కట్టాడు. రోడ్డు మీద అయిదున్నర గంటలు. సూర్యాపేటలో టిఫినుకి అరగంట. టైరు పంక్చరుకి గంట. రెండో టైరు పంక్చరుకి ఇంకో గంట. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కేచోట తప్పిపోతే అరగంట. పెట్టె బరువు 23 కిలోలు దాటితే ఆవకాయ తీసి పక్కన పెట్టడానికి అరగంట. వర్షం వస్తే, ఎవరైనా రాస్తా రోకో చేస్తే... వెరసి మధ్యాహ్నం ఒంటిగంటకి కారు కదిలింది. పంక్చరు కాలేదు. వర్షం రాలేదు. ఎవరూ రోకో చేయలేదు. సాయంత్రం ఏడింటికి షంషాబాద్‌లో దిగారు, విమానానికి తొమ్మిది గంటల ఇరవై నిమిషాల ముందు.

గేటు దగ్గరాయన టిక్కెట్టు చూసి, మనుషుల్ని చూసి, మళ్ళీ టిక్కెట్టు చూశాడు. "ఇంత ముందే ఎందుకొచ్చారు సార్?" అన్నాడు. మావయ్య తడుముకోకుండా, "కనెక్షన్ బస్సు అంతే ఉంది" అన్నాడు. సొంత కారులో వచ్చిన మనిషి! బయట బెంచీ మీద పులిహోర పొట్లాలు విప్పారు. అర్ధరాత్రి దాకా పైన పోయే ప్రతి విమానానికీ ఆయన రూటు చెబుతూనే ఉన్నాడు. చలిలో మేనల్లుడికి తుమ్ములు పట్టుకున్నాయి. దుబాయ్ చేరేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. ఆ నాలుగు గంటల తుమ్ములకు బదులు ఈ వ్యాసం.

మావయ్య తను విమానం ఎక్కింది ఒక్కసారే. అత్తయ్యతో కలిసి, పైన చెప్పిన ఆ 4.20 సర్వీసుకే. ఆవిడ ఎక్కిన పది నిమిషాలకు నిద్రపోయింది. ఆయన డాలస్ దాకా ముందు సీటు వెనక ఉన్న బొమ్మల తెరమీద మ్యాపు తప్ప ఇంకేదీ చూడలేదు. అందులో సినిమాలున్నాయని తిరిగొచ్చాక ఎవరో చెబితే తెలిసింది. ఎత్తు, వేగం, బయటి చలి మైనస్ 50 దాటడం, ఎదురుగాలి, మిగిలిన దూరం, అన్నీ అరగంటకోసారి డైరీలో ఎక్కాయి. గ్రీన్లాండ్ మీద ఉండగా అత్తయ్యను లేపి, "చూడు, గ్రీన్లాండ్" అన్నాడట. ఆవిడ కళ్ళు తెరిచి, కిటికీలో తెల్లగా కనిపిస్తే, "మబ్బులేగా" అని మళ్ళీ పడుకుందట. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు ఆయన ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

డాలస్‌లో కూతురు గుమ్మంలో ఎదురొచ్చి కౌగిలించుకుంటే, ఆవిడ భుజం మీంచి ఆయన వాచీ చూసుకున్నాడని అల్లుడు అందరికీ చెబుతాడు. ఇంటి గడప నుంచి ఇంటి గడపకి 39 గంటల 5 నిమిషాలు. డైరీలో ఆ వరస ఉంది. రిమార్కుల గడిలో మామూలుగా రాసే మాటలేవీ లేవు. "చిక్కింది" అని ఉంది. సర్వీసు గురించి కాదని చదివితే తెలుస్తుంది.

నవ్వడానికి మొదలుపెట్టిన మేనల్లుడి సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. మొన్న ఆఫీసులో ఒకమ్మాయి మెల్బోర్న్ వెళ్తున్నానని సెలవు చీటీ పట్టుకొస్తే, సంతకం పెట్టకుండా "ఏ రూటు?" అన్నాడు. ఆ అమ్మాయి ముఖం పెళ్ళిలో ఆ పెద్దమనిషి ముఖంలా అయింది. ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్24 ఎప్పుడు చేరిందో అతనికే గుర్తులేదు. పసుపుపచ్చ విమానం బొమ్మ సముద్రం మీద కదలనట్టే కదులుతుంటే చూస్తూ కూర్చోవడం తప్పేమీ కాదని ఇంట్లోవాళ్ళతో వాదిస్తున్నాడు. ఎల్‌ఐసీ డైరీ ఒకటి ఖాళీగానే ఉంది. ఇంకా గళ్ళు గీయలేదు.

సంక్రాంతికి మావయ్య కూతురు వస్తోంది. ఈ వాక్యం రాసే సమయానికి ఆ అమ్మాయి ఎక్కిన విమానం గ్రీన్లాండ్ దక్షిణపు కొస దాటింది. దుబాయ్‌కి ఇంకా ఎనిమిది గంటల చిల్లర. బెజవాడలో మావయ్య అప్పుడే కారులో డీజిల్ కొట్టించుకొచ్చాడు.